కరెంటు పెడితే నరం అతుక్కుంటుందా?

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఫిజియోథెరపీ గదుల్లో తరచూ వినపడే ప్రశ్న ఒకటుంది. "కరెంటు పెడితే నరం అతుక్కుంటాదేటి బాబూ?" అడిగేది జీడిపిక్కలు కోసి కోసి మోచెయ్యి పట్టేసిన పలాస పెద్దావిడ కావచ్చు. ఆర్మీ సెలక్షన్ల కోసం చీకటితో లేచి రోడ్డు మీద పరుగెత్తి మడమ వెనక వాచిపోయిన కుర్రాడు కావచ్చు. వరికోతలో కొడవలి జారి వేలు తెగిన రైతు కావచ్చు.

మా అమ్మ కూడా ఇదే అడిగింది. భుజం నొప్పికి పది సిట్టింగులు కరెంటు పెట్టించుకుంది. పదో రోజుకి దండెం మీద బట్టలు ఆరేసుకునేంత వరకు చెయ్యి లేచింది. అది కరెంటు వల్లనా, పది రోజులు బిందె ఎత్తకపోవడం వల్లనా, రోజూ గోడకు వేళ్లు ఆనించి పైకి పాకించిన వ్యాయామం వల్లనా అంటే అప్పట్లో నేను జవాబు చెప్పలేకపోయాను. చదవడం మొదలుపెట్టాక అర్థమైంది, ఆ ఒక్క ప్రశ్నలో మూడు వేరువేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయని. నొప్పి తగ్గుతుందా, కండరం బలపడుతుందా, దెబ్బతిన్న చోట కొత్త కణజాలం పుడుతుందా అనేవి ఆ మూడు. వీటికి జవాబులు ఒకేలా లేవు.

ఈ మధ్య గందరగోళం ఇంకా పెరిగింది. ఇంట్లోనే పెట్టుకునే చిన్న మెషిన్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. "కణాల శక్తిని 500 శాతం పెంచుతుంది" అనే ప్రకటనలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ఇంకోపక్క, నడిస్తే చాలు తనంతట తానే కరెంటు పుట్టించి గాయాన్ని మాన్పే పదార్థాల గురించి విదేశీ పరిశోధన వార్తలు వస్తున్నాయి. వీటిలో ఏది ఎంతవరకు నిజమో చూడాలంటే అసలు "నరం" అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి.

"నరం" అనే ఒక్క మాటలో ఇన్ని వస్తువులా

మనం నరానికి సూది వేశారంటాం. అక్కడ నరం అంటే రక్తనాళం. నరాల బలహీనత అన్నప్పుడు మెదడు నుంచి కబుర్లు మోసే నాడి. నిద్రలో పిక్క పట్టేస్తే నరం మీద నరం ఎక్కిందంటాం, నిజానికి అది కండరం బిగుసుకోవడం. కాలు మడతపడి చీలమండ వాస్తే నరం సాగిందంటాం. అది ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్. మడమ నరం పోయిందన్నప్పుడు మాత్రం మనం మాట్లాడేది టెండన్ గురించి.

టెండన్ కండరాన్ని ఎముకకు కలుపుతుంది. బడి పుస్తకాల్లో దీన్నే స్నాయుబంధనం అని రాస్తారు. మడమ వెనక రెండు వేళ్లతో పట్టుకుంటే గట్టిగా తాడులా తగిలేది శరీరంలో అన్నిటికంటే లావైన టెండన్, పేరు అకిలీస్. పిక్క కండరం ముడుచుకుంటే ఈ తాడు మడమను పైకి లాగుతుంది, అలా మనం అడుగు వేస్తాం.

ఈ తేడా చెప్పుకోవడం చాదస్తం కాదు. నాడి దెబ్బతింటే పెట్టే కరెంటు వేరు, టెండన్‌కు పెట్టేది వేరు. రెండింటినీ నరం అనేసరికి పక్కింటాయనకు పక్షవాతంలో పని చేసిందని విన్న కరెంటు మన మోచేతికి కూడా పని చేస్తుందని అనుకుంటాం.

గోగునార తాడు చెప్పే సంగతి

మన వైపు గోగునార పేనడం చూసినవాళ్లకు టెండన్ నిర్మాణం తేలిగ్గా అర్థమవుతుంది. సన్నని పోగులు కలిసి పాయ, పాయలు కలిసి తాడు. టెండన్‌లో ఆ పోగులు కొలాజెన్ అనే ప్రొటీన్. నీరంతా తీసేసి తూస్తే మిగిలే బరువులో మూడింట రెండొంతుల పైనే కొలాజెన్ ఉంటుంది. పోగులన్నీ లాగే దిశలోనే బారుగా పడుకుని ఉంటాయి కాబట్టే అంత బలం.

ఆ బలం ఎంతో ఒక చిన్న లెక్క వేద్దాం. పరుగులో అకిలీస్ టెండన్ మీద పడే లాగుడు శరీర బరువుకు సుమారు ఆరేడు రెట్లు. 60 కిలోల కుర్రాడికి అది 360 నుంచి 420 కిలోలు. ఆర్మీ పరుగు 1.6 కిలోమీటర్లు. అడుగు ఒక మీటరు అనుకుంటే మొత్తం 1600 అడుగులు, ఒక్కో కాలికి 800. అంటే ఆరేడు నిమిషాల్లో ఒక్కో మడమ తాడును 800 సార్లు దాదాపు 400 కిలోల బరువుతో లాగినట్టు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ బరువు మోసింది కండరాలే అనుకుంటాం. కండరం లాగిన ప్రతి కిలో మోకాలి టెండన్ల గుండా, భుజం టెండన్ల గుండా ఎముకకు చేరాల్సిందే.

ఇంత పని చేసే ఈ తాడుకు రక్తసరఫరా మాత్రం తక్కువ. కండరంతో పోలిస్తే టెండన్ వాడుకునే ప్రాణవాయువు ఏడున్నర రెట్లు తక్కువని పుస్తకాలు చెబుతాయి. లోపల కణాలు కూడా పలచగానే ఉంటాయి. 2013లో డెన్మార్క్ పరిశోధకులు ఇంకో ఆశ్చర్యకరమైన సంగతి బయటపెట్టారు. 1950లు, 60లలో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ ఒక్కసారిగా పెరిగింది. ఆ గుర్తును అకిలీస్ టెండన్ నడిమధ్య భాగంలో కొలిచి చూస్తే, ఆ భాగం మనిషికి సుమారు 17 ఏళ్లు వచ్చేలోపే తయారైపోయిందని, ఆ తర్వాత దాదాపు మారలేదని తేలింది. చర్మం మారుతుంది, ఎముక కూడా నెమ్మదిగా మారుతుంది. టెండన్ గర్భం మాత్రం కుర్రతనంలో పేనిన తాడే. అది ఎందుకంత మెల్లగా మానుతుందో ఈ ఒక్క సంగతిలోనే చాలావరకు ఉంది.

తెగడం, వాచడం, చివికిపోవడం

కొడవలి తగిలి తెగిన టెండన్‌లో మొదటి వారం వాపు ఉంటుంది. రక్తకణాలు వచ్చి పాడైనదాన్ని ఎత్తిపోస్తాయి. తర్వాత ఐదారు వారాలు కొత్త కొలాజెన్ పడుతుంది, కానీ అది హడావిడిగా వేసిన రకం, చిక్కుపడిన నార కుప్పలా ఉంటుంది. ఆ తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి, ఆ చిక్కు విడిపోతూ పోగులు లాగుడు దిశలోకి సర్దుకుంటాయి. మానిన మచ్చ పాత తాడంత బాగా ఎప్పటికీ కుదరదు.

రోజూ కొంచెం కొంచెంగా వచ్చే నొప్పి కథ వేరు. మోచేయి బయటివైపు నొప్పి, మడమ వెనక నొప్పి, భుజం పైభాగం నొప్పి ఈ కోవలోవి. ఒకప్పుడు వీటన్నిటినీ వాపు అనుకుని టెండినైటిస్ అనేవారు. నెలల తరబడి ఉన్న నొప్పిలో ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే మామూలు వాపు కణాలు పెద్దగా కనపడలేదు. పోగులు వరస తప్పి, చివికి, మధ్యలో నీరు పట్టి, కొత్త రక్తనాళాలు అడ్డదిడ్డంగా మొలిచి కనిపించాయి. అందుకే ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా టెండినోపతీ అంటున్నారు. పేరు మారడం చిన్న విషయం కాదు. వాపు తగ్గించడమే చికిత్స అనుకుంటే ఒక దారి, తాడును మళ్లీ పేనాలి అనుకుంటే ఇంకో దారి.

క్లినిక్‌లో "కరెంటు" అంటే ఏమేమి పెడతారు

రోగికి అన్నీ కరెంటే. నిజానికి ఆ టేబుల్ మీద ఉన్న మెషిన్లలో కొన్ని కరెంటువి కావు. జెల్ రాసి గుండ్రటి మూతి ఉన్న పరికరంతో రుద్దుతుంటే అది అల్ట్రాసౌండ్, అంటే శబ్దతరంగాలు. టకటకమని కొట్టేది షాక్‌వేవ్, అందులో ఒంటికి కరెంటు షాక్ ఏమీ తగలదు, అవి ఒత్తిడి తరంగాలు.

అసలు కరెంటువి ప్రధానంగా నాలుగు రకాలు. రెండో నాలుగో ప్యాడ్లు అంటించి జివ్వుమనిపించేది టెన్స్, అది నొప్పి కోసం. ఐఎఫ్‌టీ (ఇంటర్‌ఫెరెన్షియల్ థెరపీ)లో రెండు కరెంట్లు ఒకదాన్ని ఒకటి దాటేలా పెడతారు. ఒకటి సెకనుకు 4000 సార్లు, రెండోది 4100 సార్లు ఊగితే, అవి కలిసిన చోట తేడా అయిన 100 ఊపులు కండలోపల తగులుతాయి. చర్మానికి మంట తక్కువగా, లోతుకు వెళ్లాలని ఈ ఏర్పాటు. కండరం దానంతటదే ముడుచుకునేలా చేసేది మజిల్ స్టిమ్యులేటర్. నాలుగోది మైక్రోకరెంట్. ఇది పెట్టినా మనిషికి ఏమీ తెలియదు.

ఇక్కడ కూడా లెక్క చూస్తే తేడా బోధపడుతుంది. టెన్స్‌లో 20 మిల్లీయాంపులు పెట్టారనుకుందాం. మిల్లీయాంపుకు 1000 మైక్రోయాంపులు కాబట్టి అది 20,000 మైక్రోయాంపులు. మైక్రోకరెంట్ 100 మైక్రోయాంపులు అనుకుంటే టెన్స్ దానికి 200 రెట్లు. "సరిగ్గా తగల్లేదు, ఇంకొంచెం పెంచు బాబూ" అని అడగడం మన దగ్గర మామూలే. గట్టిగా తగిలితే బాగా పని చేస్తుందన్న ఆ లెక్క మైక్రోకరెంట్‌కు అస్సలు సరిపడదు.

ఇవి కాక తీగచుట్టతో అయస్కాంత క్షేత్రాన్ని ఆపి ఆపి ఇచ్చే పద్ధతి ఒకటుంది. అతుకు పడని ఎముకల కోసం దీనికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1979లోనే అనుమతి ఇచ్చింది. స్పెయిన్‌లో మొదలైన మరో పద్ధతిలో స్కానింగ్‌లో చూస్తూ సన్నని సూదిని చివికిన టెండన్‌లోకే దింపి కొద్దిగా నేరు కరెంటు, అంటే ఒకే దిశలో పారే కరెంటు పంపుతారు. అక్కడ కావాలనే చిన్న గాయం చేసి, ఆగిపోయిన మానుదలను మళ్లీ మొదలుపెట్టించడం దాని ఉద్దేశం.

నొప్పి తగ్గితే మానినట్టేనా

కాలి వేలు గడపకు తగిలితే గబుక్కున రుద్దుకుంటాం. రుద్దితే నిజంగానే ఉపశమనంగా ఉంటుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉందని, స్పర్శ కబుర్లు ఎక్కువగా వస్తే ఆ గేటు నొప్పి కబుర్లను కొంత ఆపేస్తుందని చెప్పారు. టెన్స్ ఈ ఆలోచన మీదే ఎదిగింది. కరెంటు పెట్టిన ఆ అరగంట, తర్వాత కొంతసేపు నొప్పి తగ్గడం భ్రమ కాదు.

కానీ గేటు దగ్గర కబురు ఆగితే మోచేతిలో చివికిన పోగు బాగుపడదు. దీన్ని నేరుగా పరీక్షించిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. ఇంగ్లండ్‌లో టెన్నిస్ ఎల్బో, అంటే మోచేయి బయటివైపు నొప్పి ఉన్న 241 మందిని రెండు జట్లుగా చేశారు. ఇద్దరికీ సలహా, వ్యాయామం ఒకటే. ఒక జట్టుకు అదనంగా టెన్స్ మెషిన్ ఇచ్చి రోజుకు 45 నిమిషాల చొప్పున ఆరు వారాలు పెట్టుకోమన్నారు. ఆరు వారాలకు, ఆరు నెలలకు, ఏడాదికి చూస్తే ఇద్దరూ బాగుపడ్డారు. మెషిన్ ఉన్నవాళ్లకు అదనంగా ఒరిగింది ఏమీ కనపడలేదు.

"ఇద్దరూ బాగుపడ్డారు" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మెషిన్ జట్టును మాత్రమే చూసి ఉంటే టెన్స్ అద్భుతంగా పని చేసిందని రాసేవాళ్లం. పక్కింటివాళ్ల అనుభవం, మన సొంత అనుభవం ఎప్పుడూ ఆ ఒక్క జట్టు కథే. మా అమ్మ భుజం కథ కూడా అంతే. కరెంటు పెట్టించుకోని ఇంకో అమ్మ పక్కన ఉండి ఉంటే తప్ప ఎవరూ తేల్చలేరు.

భుజం టెండన్ల మీద 2016లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 47 పరీక్షలను, వాటిలోని 2388 మందిని కలిపి సమీక్షించింది. సున్నం పేరుకున్న టెండన్‌కు అల్ట్రాసౌండ్ కొద్దికాలం మేలు చేయవచ్చని చెప్పింది. టెన్స్, ఐఎఫ్‌టీ లాంటి కరెంటు పద్ధతుల గురించి గట్టిగా ఏదీ చెప్పగలిగే నాణ్యమైన ఆధారం లేదని తేల్చింది. పని చేయవని రుజువైందని దీని అర్థం కాదు. పని చేస్తాయని రుజువు కాలేదు.

టెండన్‌లోనే కరెంటు పుడుతుంది

కరెంటుతో మానుదల అనే ఆలోచన గాలిలోంచి రాలేదు. దాని మూలం జపాన్‌లో ఉంది. ఫుకాడా, యసుదా అనే ఇద్దరు 1957లో ఎముకను నొక్కితే అతి కొద్దిగా విద్యుత్తు పుడుతుందని చూపించారు. 1964లో కొలాజెన్‌కూ ఆ గుణం ఉందని చూపించారు. గ్యాస్ లైటర్ నొక్కితే నిప్పురవ్వ వస్తుంది చూడండి, చాలా లైటర్లలో లోపల ఒక స్ఫటికాన్ని కొట్టడం వల్ల విద్యుత్తు పుట్టి అది వస్తుంది. గుణం అదే, పరిమాణం మాత్రం ఎన్నో రెట్లు చిన్నది.

అంటే మనం అడుగు వేసిన ప్రతిసారీ టెండన్ సాగుతుంది, సాగినప్పుడు పోగుల్లో సూక్ష్మంగా విద్యుత్ మార్పు వస్తుంది. కణాలకు ఆ లాగుడు తెలిసే మార్గం కూడా ఇప్పుడు కొంత తెలిసింది. 2010లో ఆర్డెమ్ పటపూటియన్ బృందం పీజో1 అనే ప్రొటీన్‌ను కనిపెట్టింది. కణం పొరలో ఇది ఒక తలుపు లాంటిది, పొర సాగితే తెరుచుకుంటుంది, విద్యుదావేశం ఉన్న కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి. స్పర్శ గ్రాహకాల పనికి ఆయన 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. అదే ఏడాది జ్యూరిచ్ పరిశోధకులు టెండన్ కణాలు లాగుడును పసిగట్టేది పీజో1తోనే అని, ఈ తలుపు ఎక్కువగా పనిచేసే ఎలుకల్లో టెండన్లు మరింత బిగువుగా తయారవుతాయని చూపించారు.

ఇక్కడి నుంచే పరిశోధకుల ఆశ పుట్టింది. గాయపడి పట్టీ కట్టుకుని పడుకున్నవాడి టెండన్‌కు లాగుడు ఉండదు, అది పుట్టించే సంకేతమూ ఉండదు. ఆ సంకేతాన్ని బయటి నుంచి కరెంటు రూపంలో ఇస్తే కణాలు పని మొదలుపెడతాయా? ప్రశ్న నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. జవాబు కోసం ఎలుకల దగ్గరికి వెళ్లాలి.

ఎలుకల్లో కనిపించింది, మనుషుల్లో కనిపించింది

1987లో ఎలుకల మడమ టెండన్లను తెంపి, కొన్నిటికి సన్నని కరెంటు పెట్టి, మానాక వాటిని తెగేదాకా లాగి కొలిచారు. ధన ధ్రువం వైపు కరెంటు పెట్టినవి ఏమీ పెట్టనివాటికంటే ఎక్కువ బరువు ఓర్చుకున్నాయి. రుణ ధ్రువం పెట్టినవి ఏమీ పెట్టనివాటికంటే కూడా బలహీనంగా ఉన్నాయి. అంటే కరెంటు మేలు చేయగలదు, దిశ మారితే చెరుపూ చేయగలదు. "కరెంటే కదా, పెడితే నష్టమేముంది" అనేవాళ్లకు ఈ ఫలితం గుర్తు చేయాలనిపిస్తుంది.

2021లో ఐర్లండ్‌లోని గాల్వే విశ్వవిద్యాలయ బృందం ఇంకో అడుగు వేసింది. సాగితే తనంతట తానే కరెంటు పుట్టించే పోగుల పట్టీని తయారుచేసి, దెబ్బతిన్న ఎలుక మడమ టెండన్‌లో అమర్చింది. బ్యాటరీ లేదు, ఎలుక కదలికే దానికి ఇంధనం. మానుదలకు సంబంధించిన సంకేతాలు మారాయి, ఫలితం ఆశాజనకంగా ఉంది. నడిస్తే గాయం మానే పట్టీ అని వార్తల్లో వచ్చేది ఇలాంటి పనే. ఇది ఆపరేషన్ చేసి లోపల పెట్టేది, అదీ ఎలుకలో. మన ఊరి క్లినిక్‌లో చర్మం మీద అంటించే ప్యాడ్‌కు, దీనికి సంబంధం కలపడం తప్పు.

ప్రకటనల్లోని "500 శాతం" సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1982లో ఎలుక చర్మం ముక్కల మీద ప్రయోగం చేశారు. కొన్ని వందల మైక్రోయాంపుల లోపు కరెంటు ఇస్తే కణాల ఇంధనం ఏటీపీ దాదాపు ఐదు రెట్లు పెరిగింది. 1000 మైక్రోయాంపులు దాటే సరికి ఆ పెరుగుదల నిలబడలేదు. ప్రయోగం నిజమైనదే. చేసింది మాత్రం ఎలుక నుంచి తీసిన చర్మం మీద, గాజు పాత్రలో. బతికున్న మనిషి మోచేతి టెండన్ గురించి అది ఏమీ చెప్పదు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి చిత్రం పలచబడుతుంది. 1984లో లండన్ వైద్య పత్రిక లాన్సెట్‌లో 29 మంది భుజం రోగుల మీద అయస్కాంత క్షేత్రం వాడి మేలు కనిపించిందని వచ్చింది. 2002లో దీర్ఘకాల మడమ నొప్పికి మైక్రోకరెంట్ మామూలు చికిత్స కంటే బాగా పనిచేసిందని ఒక చిన్న అధ్యయనం చెప్పింది. 2018లో భుజం టెండన్ కుట్టాక అయస్కాంత క్షేత్రం వాడినవాళ్లకు మూడు నెలల దగ్గర నొప్పి, కదలిక మెరుగ్గా ఉన్నాయి, రెండేళ్లకు తేడా మాయమైంది. చిన్న చిన్న జట్లు, ఒక్కోచోట ఒక్కో మోతాదు. వీటిని కలిపి ఒక మాట చెప్పడం కష్టం.

ఎలుకలో పనిచేసింది మనిషిలో ఎందుకు తేలడం లేదంటే కారణాలు కనపడుతూనే ఉన్నాయి. ఎలుక టెండన్ అగ్గిపుల్లంత, చర్మం కిందే ఉంటుంది. మన భుజం టెండన్ కండరం కింద లోతున ఉంటుంది, ప్యాడ్ నుంచి వెళ్లిన కరెంటు తడి ఎక్కువున్న కండరం గుండా తేలిక దారి చూసుకుంటుంది. ఎలుకకు కత్తితో చక్కగా కోసిన తాజా గాయం. 45 ఏళ్ల జీడి కార్మికురాలికి ఏళ్ల తరబడి చివికిన టెండన్. ఎలుక టెండన్‌ను తీసి తెగేదాకా లాగవచ్చు. మనిషిని "నొప్పి పదికి ఎంత" అని మాత్రమే అడగగలం.

ఫిజియోల వాదన, దాన్ని ప్రశ్నించేవాళ్ల వాదన

కరెంటు వాడే ఫిజియోలు చెప్పేది కొట్టిపారేయలేనిది. నొప్పి ఉన్న మనిషి చెయ్యి కదపడు. కరెంటు పెట్టి నొప్పి కాస్త తగ్గిస్తే ఆ సమయంలో వ్యాయామం చేయించవచ్చు. మెషిన్ కోసం పదిసార్లు వచ్చే రోగి, "ఇంటికెళ్లి చేసుకోండి" అంటే రెండోసారి రాడు. ఆపరేషన్ తర్వాత కండరం కరిగిపోకుండా స్టిమ్యులేటర్ సాయం చేస్తుందనడానికి టెండన్ మానుదల కంటే బలమైన ఆధారమే ఉంది.

ప్రశ్నించేవాళ్ల మాట కూడా వినాలి. టెండినోపతీకి ఇప్పటివరకు బాగా నిలబడింది క్రమంగా బరువు పెంచే వ్యాయామం. 1998లో స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం 15 మంది మడమ నొప్పివాళ్లతో మెట్టు అంచున నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం 12 వారాలు చేయించింది. అందరూ మళ్లీ పరుగుకు వెళ్లగలిగారు. అధ్యయనం చిన్నదే, కానీ తర్వాత ఎందరో దాని మీద నడిచి సరిచూశారు. మెషిన్ మీద నమ్మకం పెట్టుకున్న మనిషి ఈ 12 వారాల విసుగు పనిని పక్కన పెట్టేస్తే నష్టం అక్కడుందని వీళ్లంటారు.

ఖర్చు గురించి కూడా. సిట్టింగ్‌కు 200, బస్సుకు 60, పోయిన కూలి 400 అనుకుంటే రోజుకు 660, పది రోజులకు 6600 రూపాయలు. పల్లె నుంచి పట్నం వచ్చే కూలి మనిషికి ఇది చిన్న మొత్తం కాదు. నాకు ఈ రెండో వాదన వైపే మొగ్గు ఉంది. అయినా నొప్పితో రాత్రి నిద్రపోలేని మనిషికి అరగంట ఉపశమనం దండగ అని అనే హక్కు నాకు లేదు.

ముగ్గురు మనుషులు, మూడు జవాబులు

ఊహించుకున్న ముగ్గురిని తీసుకుందాం.

రణస్థలం వైపు కుర్రాడు, వయసు 20, మడమ వెనక రెండు నెలలుగా నొప్పి. ఉదయం మొదటి అడుగులు కష్టం, నడిచాక తేలికవుతుంది. ఇది చివుకుడు రకం. టెన్స్ పెడితే పరుగు రోజున నొప్పి కప్పుకోవచ్చు, ప్రమాదమూ అందులోనే ఉంది, ఎందుకంటే 800 సార్లు 400 కిలోల లెక్క నొప్పి తెలియకపోయినా మారదు. అతని టెండన్‌కు కావలసిన విద్యుత్ సంకేతం మడమ దించే వ్యాయామంలో దానంతటదే పుడుతోంది.

పలాస జీడి కార్మికురాలు, వయసు 45, మోచేయి బయట నొప్పి, పదేళ్లుగా షుగర్. టెన్నిస్ బ్యాట్ ఎప్పుడూ పట్టకపోయినా జబ్బు పేరు టెన్నిస్ ఎల్బోనే. కరెంటు నొప్పిని కొంతసేపు తగ్గించవచ్చు. చేతికి స్పర్శ తగ్గి ఉంటే మాత్రం ప్యాడ్ కింద చర్మం కాలుతున్నా ఆమెకు తెలియదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు నడుము, పొట్ట దగ్గర, కాలి రక్తనాళంలో గడ్డ అనుమానం ఉన్నవాళ్లకు, క్యాన్సర్ ఉన్న చోట కరెంటు పెట్టరు. ఆన్‌లైన్‌లో కొన్న మెషిన్ ఈ ప్రశ్నలేవీ అడగదు.

గజపతినగరం రైతు, వయసు 38, కొడవలితో అరచేతి వైపు వేలు తెగింది, వేలు ముడుచుకోవడం లేదు. తెగిన టెండన్‌లో కండరం వైపున్న కొసను కండరం వెనక్కి లాగేస్తుంది, రెండు కొసలూ ఒకదాన్ని ఒకటి తాకడం లేదు. ఏ కరెంటూ వాటిని కలపలేదు, కుట్టాల్సిందే, అదీ రోజుల్లోనే. కుట్టాక టెండన్ చుట్టుపక్కల కండకు అంటుకుపోకుండా చేతి ఫిజియో కొలత ప్రకారం కొద్ది కొద్దిగా కదిలిస్తారు. ఈ మొదటి వారాల్లో స్టిమ్యులేటర్‌తో కండరాన్ని గట్టిగా ముడిపిస్తే కుట్టు తెగిపోవచ్చు, అందుకే ఆ మెషిన్‌ను అప్పటికి దూరంగా పెడతారు. కుట్టు గట్టిపడ్డాక, వేలు లాగే కండరం పనిచేయడం మరిచిపోయినట్టు ఉంటే, అదే మెషిన్ పనికొస్తుంది.